చిన్నవాళ్ళం మేడమ్

బుజ్జికి జ్వరం తగ్గింది. పొద్దున అడిగి మరీ ఇడ్లీ తింది. హమ్మయ్య.

నిద్ర పట్టనిది మాత్రం ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడి వల్ల. కూర్చోమంటే "మాదేముంది మేడమ్, చిన్నవాళ్ళం" అంటాడు. లెక్కలో తేడా ఎందుకొచ్చిందంటే అదే మాట. బాగా చేశావన్నా అదే, చేతులు నలుపుకుంటూ. సాయంత్రానికి ఒళ్ళు మండిపోయింది. ఇంత అణకువ వెనక ఏదో ఉంటుందని ఒకటే అనుమానం.

ఆ అనుమానం నాకు అంటించింది ఇంగ్లీషు రచయిత డికెన్స్ నవల 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లోని యురయా హీప్. లాయరు దగ్గర గుమాస్తా. చెయ్యి కలిపితే చేపను ముట్టుకున్నట్టు ఉంటుంది. నోరు తెరిస్తే తానెంతో అల్పుణ్ణంటాడు, మా అమ్మా అంతే అంటాడు. 1849 మే నుంచి 1850 నవంబరు దాకా నెలనెలా భాగాలుగా వచ్చిన నవల అది. నెల గడిచాక కూడా మనిషిని గుర్తుపట్టడానికి ఊతపదం పనికొస్తుంది. మొదట్లో నవ్వొస్తుంది కూడా. అదే మాట అంటూ అంటూనే యజమానిని గుప్పిట్లో పెట్టుకుని, భాగస్వామి అయి, ఆయన కూతురి మీద కన్నేస్తాడు. మాట మారదు, మనకు భయం పెరుగుతుంది.

39వ అధ్యాయంలో అసలు సంగతి చెప్తాడు. తండ్రీ తనూ ధర్మానికి నడిచే బడిలో చదివారట. అక్కడ నేర్పిందల్లా తల వంచడమే. అణకువగా ఉన్నందుకు తండ్రికి పతకం, తర్వాత తనకూ.

ఇక్కడికొస్తే మా హాస్టలే కళ్ళ ముందుకొస్తుంది. దాతలొచ్చే రోజు వార్డెన్ ఎండలో వరసగా నిలబెట్టేది. "తమ దయవల్ల చదువుకుంటున్నాం" అని ముందురోజే బట్టీ పట్టించేది. గొంతులో వినయం చాలలేదని నా పక్కనమ్మాయి చేత మళ్ళీ మళ్ళీ చెప్పించింది. ఇచ్చింది రేకు పెన్సిల్ డబ్బా. మూత నిండా దాత పేరే, మా పేరు రాసుకోవడానికి చోటు లేదు.

రాస్తుంటే కోపం ఆ కుర్రాడి మీద నుంచి, వాడికా మాట నేర్పినవాళ్ళ మీదకు పోతోంది. ఎవరో, ఎక్కడో.

యురయా బడి సంగతి విన్నాక, పంట చూశాను గానీ విత్తనం సంగతి ఆలోచించలేదని కథ చెప్పే డేవిడ్ అనుకుంటాడు. కొన్ని అధ్యాయాలకే ఆ యురయానే చెంప మీద కొడతాడు. చివరికి జైల్లోనూ యురయా అదే పాట పాడితే, చూడ్డానికొచ్చిన పెద్దమనుషులు మురిసిపోతారు. వాళ్ళలో క్రీకిల్ ఉన్నాడు, ఒకప్పుడు డేవిడ్‌ను బెత్తంతో బాదిన బడి యజమాని, ఇప్పుడు మేజిస్ట్రేటు. హీప్ మోసగాడే, కాదనను. కానీ క్రీకిల్‌కు ఏ శిక్షా లేదేం?