స్టార్ హోటల్ వెనక గేటు నుంచి: చీరల సప్లయర్‌గా నా అనుభవం

విశాఖపట్నంలో సిరిపురం దగ్గర నాకో చిన్న బొటీక్ ఉంది. చేనేత చీరలు, వాటికి తగ్గ బ్లౌజులు, కాసిని కుర్తీలు. బీచ్ రోడ్డులో ఒక స్టార్ హోటల్ వాళ్లు రిసెప్షన్ అమ్మాయిలకి చేనేత చీర యూనిఫాంగా పెట్టాలనుకుంటున్నారని మా కస్టమర్ ఒకావిడ చెబితే వెళ్లి కలిశాను. హోటల్ పేరు చెప్పను. ఇందులో డబ్బుల గొడవ కూడా ఉంది మరి.

హోటళ్లూ ఫ్యాషనూ కలిసే చోట పనిచేయాలన్న ఆశ నాకు పాతదే. దానికి కారణం ది పార్క్ హోటళ్లు నడిపే ప్రియా పాల్. మన బీచ్ రోడ్డులోని ది పార్క్ 1968 నాటి హోటల్. 1990లో తండ్రి సురేంద్ర పాల్ అస్సాంలో హత్యకు గురయ్యాక ఆ హోటళ్ల బాధ్యత ఆవిడ మీద పడింది. అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. పెద్ద పెద్ద గ్రూపులతో గదుల లెక్కలో పోటీ పడకుండా డిజైన్‌నే నమ్ముకుని, బొటీక్ హోటల్ అనేదాన్ని మన దేశంలో అలవాటు చేసినవాళ్లలో ముందు వరసలో నిలబడింది. 2012లో పద్మశ్రీ వచ్చింది, 2024 ఫిబ్రవరిలో కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లింది. (నేను సప్లై చేసింది ఆ హోటల్‌కి కాదు, ఇప్పుడే చెప్పేస్తున్నా.) బట్టలవైపు నుంచి హోటళ్లలోకి వచ్చినవాళ్లూ ఉన్నారు. జార్జియో అర్మానీ 2010లో బుర్జ్ ఖలీఫాలో ఏకంగా హోటలే తెరిచాడు. మనకి అంత సీను లేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు సెక్యూరిటీ అబ్బాయి "ఏటమ్మా, సప్లయరా? ఇటు కాదు, వెనక గేటు" అన్నాడు. వెనక గేటు దగ్గర రిసీవింగ్ కౌంటర్. ఒక పక్క చేపల పెట్టెలు తూకం వేస్తున్నారు, ఇంకో పక్క కూరగాయల క్రేట్లు దింపుతున్నారు. మధ్యలో నేను, చేతిలో చీరల సంచి. పర్చేజ్ మేనేజర్ సంచి వంక కూడా చూడలేదు. వెండర్ ఫారం ఇచ్చి పాన్, జీఎస్టీ, క్యాన్సిల్డ్ చెక్కు, ఉద్యమ్ సర్టిఫికెట్ తెమ్మన్నాడు.

ఉద్యమ్ అంటే చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్. దానికి పైసా ఖర్చు లేదు, అంతా ఆన్‌లైన్లోనే. అయితే అందులో ఒక మెలిక ఉందని మా సీఏ గారు చూపించారు. కేవలం వ్యాపారి అని నమోదైతే బ్యాంకు లోన్లలో ప్రాధాన్యం తప్ప, పేమెంట్ ఆలస్యమైతే చట్టం ఇచ్చే రక్షణ దక్కదు. నా దగ్గర టైలర్లున్నారు, డైయింగ్ చేయిస్తాను, బ్లౌజులు ఇక్కడే కుడతాం. కాబట్టి తయారీ కిందే నమోదు చేయించారు. అది తర్వాత ఎంత పనికొచ్చిందో చెబుతాను.

చీర ఎంపికకి పెద్దగా ఆలోచించలేదు. మనసు పొందూరు ఖద్దరు మీదే ఉన్నా, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసిన బట్టని హోటల్ లాండ్రీ మెషిన్లో వేయడానికి నాకు చేతులు రాలేదు. మంగళగిరి కాటన్ ఖాయం చేశాను. గట్టి నేత, నిజాం అంచు, రోజూ కట్టినా నిలుస్తుంది.

అసలు పరీక్ష హౌస్‌కీపింగ్‌లో. యూనిఫాం రూమ్ వాళ్ల కిందే ఉంటుంది. అక్కడి మేడమ్ చీర అందాన్ని ఒక్క చూపులో దాటేసి, అంచు దగ్గర చిన్న ముక్క కత్తిరించమంది. దాన్ని తెల్ల కాటన్ గుడ్డకి కుట్టించి, సబ్బు నీళ్లలో మెషిన్ వాష్‌కి పంపింది. తిరిగొచ్చాక కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, బూడిద రంగు గళ్లున్న కార్డు పక్కన పెట్టింది. గ్రే స్కేల్ అంటారు దాన్ని. 5 వస్తే రంగు అంటలేదని, 1 వస్తే అసలు పనికిరాదని. కార్డుతో పని లేకుండానే తెలిసిపోతోంది, నా మెరూన్ అంచు తెల్ల గుడ్డ మీద గులాబీ చార పెట్టింది. "మీ కస్టమర్ ఇంట్లో విడిగా ఉతుక్కుంటుంది. ఇక్కడ షెఫ్ కోటు పక్కనే ఉతుకుతారు" అంది మేడమ్.

మంగళగిరిలో మా మాస్టర్ వీవర్‌కి ఫోన్ చేస్తే "వాట్ రంగులు వేయిద్దామమ్మా, ఖర్చు ఎక్కువే కానీ దిగవు. అయితే మొత్తం నూలు ఒకే దఫాలో అద్దించాలి, లేకపోతే చీరకో షేడ్ వస్తుంది" అన్నాడు. బొటీక్‌లో ఆ తేడానే చేనేత అందం అని చెప్పి అమ్ముతాం. రిసెప్షన్లో పక్కపక్కన నిలబడే ముగ్గురమ్మాయిల మీద అది కుదరదు. లగ్జరీ అంటే ఎక్కడా రెండోది లేని వస్తువు అనుకుంటాం కదా, హోటల్ వాళ్లు డబ్బిచ్చేది అచ్చం అదే వస్తువు మళ్లీ మళ్లీ ఇవ్వగలిగినందుకు. నాకైతే ఈ వ్యాపారం అక్కడే అర్థమైంది. మనిషికి మూడు సెట్లు లెక్క: ఒకటి ఒంటి మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి లాకర్లో. వాడి వాడి మూడూ ఒకేలా వెలవాలి.

కొలతలు తీసుకునేటప్పుడు ఒకమ్మాయి మెల్లగా అంది, "మేడమ్, షిఫ్టంతా నిలబడే ఉంటాం. కుచ్చిళ్లు జారిపోతే గెస్టు ముందు సర్దుకోలేం." కుచ్చిళ్లు ముందే కుట్టి, నడుం దగ్గర హుక్కులు పెట్టించాం. ఉద్యోగం మానేసేవాళ్లు, కొత్తగా చేరేవాళ్లు ఉంటూనే ఉంటారు కాబట్టి బ్లౌజు లోపల గుడ్డ ఎక్కువ వదిలాం. ఆ చీరలో నేను చేసిన డిజైన్ అంటే ఇదే, కానీ ఫొటోలో కనపడదు.

రేటు దగ్గర బేరం మామూలే, దాని గురించి రాయడానికేం లేదు.

డెలివరీ అయ్యాక మొదలైంది టెన్షన్. సరుకు అందినట్టు రిసీవింగ్ వాళ్ల స్లిప్ లేనిదే అకౌంట్స్ బిల్లు తీసుకోదు. స్లిప్ వచ్చాక బిల్లులో ఆర్డర్ నంబరు చోటు మారిందన్నారు. ఆ తర్వాత సంతకం పెట్టాల్సినాయన సెలవన్నారు. ఒప్పందంలో 45 రోజులని ఉంది. చట్టంలో కూడా చిన్న తయారీదారులకి గరిష్ఠ గడువు అదే, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ. నెలలు గడిచాయి. అక్కడ నేతగాళ్లకి నేను బాకీ.

సీఏ గారు ఒక ఉత్తరం రాసిచ్చారు. బెదిరింపు లేదు, పేమెంట్ ఆలస్యం మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వ సమాధాన్ పోర్టల్ మాట చివర్లో ఒక్క ముక్క. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సెక్షన్ 43బి(హెచ్) ప్రకారం మాలాంటి వాళ్లకి గడువులోగా కట్టని మొత్తాన్ని, కట్టేదాకా కొన్నవాళ్లు తమ ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోలేరు, అంతే. ఉత్తరానికి ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేశాం. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలాఖరు లోపే డబ్బు పడింది. వడ్డీ అడగలేదు. హక్కు ఉంది, నాకు తెలుసు. వచ్చే ఏడాది ఆర్డర్ కూడా కావాలి కదా.

గెస్టులు రిసెప్షన్లో "ఈ చీర ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతున్నారని జీఎం గారు ఈమధ్య పిలిపించారు. లాబీలో ఒక అద్దాల షెల్ఫ్ ఇస్తాం, అమ్మిన వాటి మీద కమిషన్ తీసుకుంటాం అన్నారు. సరుకు నాదే, అమ్ముడుపోనిది నాకే తిరిగొస్తుంది. ఇలా పంపిన సరుకుకి, అమ్ముడుపోకపోయినా సరే, ఆరు నెలలు దాటితే జీఎస్టీ బిల్లు వేయాల్సిందే. అందుకని నెలనెలా స్టాకు మార్చుకునేలా షరతు రాయించుకున్నాను. కమిషన్ ఇంకా తేలలేదు, వాళ్లడిగినంత ఇస్తే నాకు మిగిలేది ఫాల్, పీకో డబ్బులే. చీరలు తగ్గించి దుపట్టాలు ఎక్కువ పెడదామని చెప్పాను. సూట్‌కేసులో పట్టేవే గెస్టులు కొంటారు.