ఎల్క్ వేటకు టరెట్ తిప్పాలా, గీత పట్టాలా?

అమెరికాలోని కొలరాడో, వ్యోమింగ్ కొండల్లో లైసెన్సు మీద ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్లేవాళ్లు స్కోప్ (తుపాకీ మీది దుర్భిణి) కొనే ముందే ఒకటి తేల్చుకోవాలి. దూరాన్ని బట్టి టరెట్ (స్కోప్ మీది గురి సరిచేసే మరబిళ్ల) తిప్పి క్రాస్‌హెయిర్ (అడ్డం, నిలువు గీతల కూడలి) నడిమధ్యనే గురి పెట్టాలా, లేక టరెట్ ముట్టుకోకుండా రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గీతల అమరిక)లోని కింది గీతను గురి మీదికి తేవాలా?

250 గజాల లోపు ఈ రెండూ అక్కర్లేదు. 6.5 క్రీడ్‌మూర్ అనే రైఫిల్ తూటా రకంలో 143 గ్రెయిన్ల (సుమారు 9.3 గ్రాముల) తూటా, సెకనుకు 2,700 అడుగుల వేగం అనుకుందాం. 200 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తగిలేలా సరిచేస్తే, 100 దగ్గర సుమారు 2 అంగుళాలు పైకి, 250 దగ్గర ఓ 3 అంగుళాలు కిందికి తగులుతుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులున్న చోటు 10 అంగుళాలకు తగ్గదు. నేరుగా కాల్చడమే.

చిక్కంతా ఆపైనే. 400 గజాల దగ్గర తూటా దాదాపు 22 అంగుళాలు దిగుతుంది. మిల్ అంటే 100 గజాల దగ్గర 3.6 అంగుళాలయ్యే కోణం. క్లిక్కుకు 0.1 మిల్ మారే టరెట్‌లో అది 15 క్లిక్కులు. జంతువు నిలబడి మేస్తూ, రేంజ్‌ఫైండర్‌లో (దూరం కొలిచే పరికరం) చూసుకునే తీరిక ఉంటే తిప్పడమే నయం. గురి పెట్టేది ఒకే చోట కనుక ఏ గీత పట్టాలన్న తికమక ఉండదు.

గీతల పద్ధతిలో జంతువును గాయపరిచి వదిలేసే ప్రమాదం సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌తో (జూమ్ మార్చినా గీతల సైజు మారనిది) ఎక్కువ. అందులో గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే సరైనది, సాధారణంగా గరిష్ఠ జూమ్ దగ్గర. 18 ఎక్స్‌లో 1.5 మిల్ చూపే గీత 9 ఎక్స్‌లో 3 మిల్ అవుతుంది. 400 గజాల్లో తూటా 21 అంగుళాలకు పైగా ఎత్తుగా, వెన్ను మీదుగా పోతుంది. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో (జూమ్‌తో పాటు గీతలూ పెరిగి తగ్గేది) ఈ బాధ లేదు. కాకపోతే జూమ్ తగ్గించినప్పుడు గీతలు సన్నబడి, మసక వెలుతురులో పొదల మధ్య కనిపించవు.

గాలికి మాత్రం ఎప్పుడూ గీతే పట్టండి. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 400 గజాల్లో ఈ తూటాను ఇంచుమించు 9 అంగుళాలు పక్కకు నెడుతుంది. గాలి క్షణానికోలా మారుతుంటే టరెట్ తిప్పుతూ కూర్చోలేం.

తిప్పే పద్ధతి ఎంచుకుంటే ముందు టరెట్‌ను పరీక్షించాలి. టేపుతో కొలిచిన 100 గజాల దగ్గర నిలువు గీత గీసిన పొడవాటి అట్ట కట్టి, అడుగున గురి పెట్టి ఒక గ్రూప్ (ఒకే గురికి వరుసగా కొన్ని తూటాలు) కాల్చండి. 10 మిల్ తిప్పి అదే చోట గురి పెట్టి మళ్లీ కాల్చండి. రెండు గ్రూపుల మధ్య 36 అంగుళాలు ఉండాలి. 35 వస్తే ప్రతి లెక్కనూ 36/35తో హెచ్చించాలి. పై గ్రూప్ గీతకు పక్కగా పడితే స్కోప్ వాలుగా బిగించి ఉండొచ్చు, లేదా కాల్చేటప్పుడు తుపాకీ వాలి ఉండొచ్చు. జీరో స్టాప్ (వెనక్కి తిప్పితే జీరో దగ్గరే ఆగే ఏర్పాటు) లేని టరెట్ కొనకండి. కాల్చాక వెనక్కి తిప్పడం మరిస్తే తర్వాతి తూటా ఎటో పోతుంది. సంచీకి రాసుకుని దానంతటదే తిరిగిపోయే టరెట్లూ ఉన్నాయి, తాళం ఉన్నదే మేలు.

వాలులో కాల్చేటప్పుడు అడ్డదూరమే (నేల మట్టంగా కొలిచే దూరం) లెక్క. 30 డిగ్రీల వాలులో 400 గజాలంటే 346కే క్లిక్కులు తిప్పాలి.