చెనక్కాయ పుస్తకం: ఐదో పేజీతో నాలుగోసారి కుస్తీ

నాలుగో కూర్పూ తేలలేదు. ఒకటి, రెండు తరగతుల పిల్లల ముందు నిలబెట్టి చూపడానికని చేస్తున్న ఎనిమిది పేజీల చెనక్కాయ పుస్తకంలో ఏడు పేజీలు ఎప్పుడో కుదిరాయి. ఐదో పేజీ దగ్గరే బండి దిగబడింది. "కాయ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంటే సగానికి పైగా పిల్లలు వేర్ల మీదే వేలు పెడుతున్నారు.

కాయ వేరుకు కాయదు. పువ్వు వాడాక దాని అడుగునుంచి సన్నటి కాడలాంటి ఊడ పుట్టి, కిందికి వంగి, మన్నులో దిగి, అక్కడ కొన ఊరి కాయవుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికే పుస్తకమంతా. (పెద్దోళ్లలోనే చానా మందికి తెలీదు, పిల్లల్ని అనేదేముంది!)

పేజీ ఏ3, అడ్డంగా. నేల గీత పైనుంచి 13 సెం.మీ. దగ్గర. మొదటి కూర్పులో మన్ను కోసి చూపినట్టు బొమ్మ వేస్తే, గోధుమరంగును గోడ అనుకున్నారు. రెండోసారి మన్ను బొమ్మ మీద చార్టు మూత పెట్టి, నేల గీత దగ్గర అతికించి, పైకి లేపేలా చేశాం. పెద్ద తప్పు. మూత ఎత్తు 16 సెం.మీ., పైన చెట్టు 13. మూత లేస్తే చెట్టంతా దాని వెనక్కి పోతుంది. పువ్వు కనబడితే కాయ లేదు, కాయ కనబడితే పువ్వు లేదు. మిగిలింది వేరు ఒక్కటే, ఇంకేం చెబుతారు?

మూడోసారి అతుకు అడుగుకు మార్చాం. పుస్తకం నిలబెట్టగానే మూత దానంతటదే పడి, అడగకముందే జవాబు బయటపడింది. పై మూలల్లో రెండు వెల్క్రో చుక్కలు పెడితే ఆగింది గానీ, లాగిన రెండో రోజుకే చార్టు చిరిగింది. నాలుగోసారి మందపాటి 250 జీఎస్ఎం కార్డు వేస్తే మూత గట్టిగానే ఉంది. అయినా వేరునుంచే అంటున్నారు.

ఇప్పుడు అనుమానం గీతల మీద. ఊడ, వేరు రెండూ ఒకే బ్రౌన్ స్కెచ్, ఒకే 3 మి.మీ. మందం. పైగా 5 మి.మీ. నల్ల నేల గీత ఊడను అడ్డంగా నరికేసింది. కంటికి పైన కొమ్మ, కింద వేరు, అంతే.

ఐదో కూర్పులో నేల గీత ఊడకు రెండు పక్కలా ఆగిపోతుంది. పువ్వునుంచి కాయదాకా వంగపండు రంగు ఊలు దారం, ఒకే ముక్క. వేలు దాని వెంబడే జారాలి. దారానికి ఫెవికాల్, కాగితానికి ఫెవిస్టిక్కే మేలు. తడి జిగురుకు పేజీ ముడతలు పడుతుంది.

పుస్తకం తెరవకముందే అరవై రోజుల చెట్టొకటి చేతికివ్వాలి. తడి మన్నులో పారతో లేపాలి. ఎండు నేలలో పీకితే ఊడలు తెగి కాయలు అక్కడే ఉండిపోతాయి, మళ్లీ మొదటికే. మా దగ్గర చెనక్కాయ రకాల్లో కదిరి 6, ధరణి రెండూ దొరుకుతాయి, ఏదైనా సరే.

ల్యామినేషన్ మాత్రం వద్దు. కిటికీ వెలుగు పడితే వెనక వరుసకు మెరుపే కనబడుతుంది. కొత్తగా చేసే ఓపిక లేనోళ్లు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటులో తెలుగు పుస్తకాలు ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. ఏ4లో తీస్తే నలుగురైదుగురికే సరిపోతుంది.

తర్వాతి పుస్తకం తిరుమల కొండ బంగారు బల్లి మీద. అక్కడ తంటా సైజుతో. పేజీ నిండా వేస్తే ఉడుమంత అనుకుంటారు. అందుకే మూలన నిజం సైజు బొమ్మొకటి, పక్కన పిల్లల అరచేయి గీత.