పెద్ద మాటలు ముందే వచ్చు, చిక్కంతా చిన్న మాటలతోనే

అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడుకునేవాళ్ళు నాలుగు కోట్లకు పైనే ఉంటారు. 2020 మార్చిలో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నిబంధనలు సడలించాక టెలీహెల్త్, అంటే ఫోన్‌లోనో వీడియోలోనో వైద్యం చూపించుకోవడం, ఒక్కసారిగా పెరిగింది. హెడ్‌సెట్ పెట్టుకుని పేషెంట్లతో మాట్లాడే డెస్కుల్లో మెక్సికో, కొలంబియాల నుంచి వచ్చిన నర్సులతో పాటు మనవాళ్ళూ కూర్చున్నారు. ఆ కాల్ నడిచే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో, పరీక్షించేవాళ్ళలో తెలుగువాళ్ళు ఇంకా ఎక్కువ. స్పానిష్ మాతృభాషైన సహోద్యోగి ఇంగ్లీషులో ఎక్కడ తడబడతారో తెలిస్తే పని సాఫీగా సాగుతుంది. అంతకన్నా ముఖ్యం, పేషెంటుకి హాని జరగదు.

టెలీహెల్త్ కోసం ఇంగ్లీషు మెరుగుపరుచుకోవాలనుకునే స్పానిష్‌వాళ్ళు మొదట పొడుగాటి వైద్య పదాలు బట్టీ పడతారు. ఆ శ్రమ చాలావరకు వృథా. హైపర్‌టెన్షన్ వాళ్ళ భాషలో ఇపెర్తెన్సియోన్, నిమోనియా నెవుమొనీయ. లాటిన్, గ్రీకుల నుంచి వచ్చిన మాటల్లో చాలావరకు వాళ్ళకి పుట్టుకతోనే వచ్చినట్టు. వైద్యుడి నోట్ చదవమంటే గడగడా చదివేస్తారు. కానీ ఫోన్‌లో పేషెంటు ‘ఐ త్రూ అప్ ట్వైస్ అండ్ ఆల్మోస్ట్ పాస్డ్ ఔట్’ అంటే ఆగిపోతారు. స్పానిష్‌లో వాంతికి వొమితార్, స్పృహ తప్పడానికి దెస్మయార్సె అని ఒక్కో క్రియ సరిపోతుంది. త్రో, పాస్ లాంటి మామూలు క్రియ పక్కన అప్, ఔట్ చేరితే అర్థం ఎందుకు మారుతుందో ఊహించడానికి వాళ్ళ భాషలో ఏ ఆధారమూ లేదు. మనకీ ఇదే ఇబ్బంది ఇంకో రూపంలో ఉంది. మన ఇంగ్లీషులో ‘పాస్డ్ ఔట్’ అంటే కాలేజీ చదువు పూర్తయిందని, అక్కడ కళ్ళు తిరిగి పడిపోయారని.

అందుకే ఈ జంట మాటల్ని పట్టికగా కాక, సందర్భంతో కలిపి నేర్చుకోవాలి. నొప్పి మాత్ర ప్రభావం తగ్గిపోతే ‘వేర్ ఆఫ్’. స్టెరాయిడ్ మోతాదు రోజురోజుకీ తగ్గిస్తూ ఆపేస్తే ‘టేపర్ ఆఫ్’. మందు అయిపోతే ‘రన్ ఔట్’. అణిగి ఉన్న కీళ్ళ నొప్పో ఉబ్బసమో మళ్ళీ విజృంభిస్తే ‘ఫ్లేర్ అప్’.

వీడియోలో పొట్ట పరీక్ష తీసుకోండి. నర్సు చెయ్యి పేషెంటుకి అందదు కాబట్టి పేషెంటే తన కుడి పక్క కింది పొట్ట నొక్కుకోవాలి. అపెండిసైటిస్ అనుమానం ఉంటే తప్పకుండా అడిగే ప్రశ్న: నొక్కినప్పుడు ఎక్కువ నొప్పా, వదిలినప్పుడా? ఇంగ్లీషులో దాన్ని ‘వెన్ యు లెట్ గో’ అంటారు. ఆ ‘లెట్ గో’ అర్థం కాక పేషెంటు చెయ్యి అలాగే ఉంచి ‘యెస్’ అంటే, ఆ జవాబుకి విలువ లేదు. ‘వెన్ యు లిఫ్ట్ యువర్ హ్యాండ్’ అని మార్చి, కెమెరాలో చెయ్యి లేచిందో లేదో చూడాలి. ‘ఈజ్ ఇట్ టెండర్?’ కూడా అలాంటిదే. స్పానిష్‌లో తియెర్నో అంటే మెత్తన, లేత అని. పొట్ట మెత్తగా ఉందా అని అడిగారనుకుంటారు. ‘తాకితే నొప్పిగా ఉందా’ అన్న అర్థం వచ్చేలా ‘డజ్ ఇట్ హర్ట్ వెన్ యు టచ్ ఇట్’ అంటే సరిపోతుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైనవి రెండు భాషల్లోనూ ఒకేలా కనిపించి వేరే అర్థమిచ్చే మాటలు. పేషెంట్లు ఆసుపత్రికి రాసే వెబ్‌సైట్, అంటే పోర్టల్ మెసేజీల్లో ఇవి మరీ ప్రమాదం, అక్కడ మొహం కనిపించదు, గొంతు వినిపించదు. స్పెయిన్‌లో కాన్స్తిపాదో అంటే జలుబు చేసిందని, ఇంగ్లీషు ‘కాన్స్టిపేటెడ్’లా మలబద్ధకం కాదు. రెసేత అంటే మందుల చీటీ, వంట చేసే విధానం కూడా. అందుకే ‘ఐ విల్ సెండ్ ద రెసిపీ’ అని రాసేస్తారు. ఉల్తిమమేంతె అంటే ఈమధ్య. ‘అల్టిమేట్లీ ఐ హ్యావ్ ఫీవర్’ అని వస్తే, ఈమధ్య జ్వరం వస్తోందని చదువుకోవాలి. ఎవెంతువాల్‌మేంతె అంటే ‘బహుశా’ అని. డాక్టరు ‘ఈవెంచువల్లీ మోతాదు పెంచుతాం’ అంటే అది జరిగి తీరే మాట, పేషెంటుకి మాత్రం జరిగితే జరగొచ్చు అన్నట్టు చేరుతుంది. సొపొర్తార్ అంటే భరించడం, ‘ఐ కాంట్ సపోర్ట్ ద పెయిన్’ అంటే నొప్పి ఓర్చుకోలేకపోతున్నారని. మొలెస్తార్ అంటే ఇబ్బంది పెట్టడం మాత్రమే, ఇంగ్లీషులో అదే మాట లైంగిక వేధింపు. ప్రెసెర్వతీవో అంటే కండోమ్, కాబట్టి ‘ప్రిజర్వేటివ్ లేని కంటి చుక్కలు’ అనే సూచనని అనువదించేటప్పుడు కోన్సెర్వాంతె అనే మాట వాడాలి.

ఇంతొక్సికాదో దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఆ మాటకి తిన్నదో తాగినదో వికటించిందని అర్థం. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ళ కుర్రాడిని స్పృహ లేని స్థితిలో తెచ్చిన కుటుంబం ఆ మాటే వాడింది. అత్యవసర విభాగంలో అది ‘ఇంటాక్సికేటెడ్’ అయింది, డ్రగ్స్ ఎక్కువ తీసుకున్నాడనుకుని వైద్యం చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. తెలిసేసరికి ఆలస్యమైంది, కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోయాయి. పరిహారం దాదాపు 7.1 కోట్ల డాలర్లు. అక్కడ వృత్తిగత ఇంటర్‌ప్రెటర్‌ని పిలవలేదు.

మందుల లేబుల్ మీద అతి చిన్న మాట ‘వన్స్’. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఆ మాటే స్పానిష్‌లో ఓన్సే, అంటే 11. ‘వన్స్ ఎ డే’ అన్నది రోజుకి 11 అని చదివే ప్రమాదం ఉంది. రక్తపోటు మాత్ర 11 పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ‘ఒక మాత్ర, ఉదయం 8 గంటలకి’ అని అంకెతోనూ వేళతోనూ రాయడం మంచిది. స్పానిష్ లేబుల్‌లో ఊన వేస్ అల్ దీయ అనాలి.

అంకెల చిక్కు ఇంతటితో పోదు. నెట్ సరిగా లేనప్పుడు ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి, ఇది మనకీ ఉన్న బాధే. ‘ఫిఫ్టీన్, వన్ ఫైవ్’ అని విడదీసి చెప్పి, అవతలివాళ్ళ చేత తిరిగి చెప్పించుకోవాలి. స్పెయిన్, కొలంబియా, అర్జెంటీనాల్లో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, మెక్సికోలో చుక్కే. 2,5 అని రాసినదాన్ని 25గా ఎక్కిస్తే మోతాదు పదింతలు. చుక్క కనపడకపోయినా ఇదే జరుగుతుంది, అందుకే 0.5కి ముందు సున్నా వదలకూడదు, 5కి వెనక చుక్క సున్నా చేర్చకూడదు. జ్వరం 38 అంటే సెల్సియస్, అమెరికా చార్టులో అది ఫారెన్‌హీట్‌లో 100.4. తేదీలో వాళ్ళకీ మనకీ రోజు ముందు, అమెరికాలో నెల ముందు. పుట్టినతేదీ 04/05 అని రాస్తే ఏప్రిలో మేయో తేలదు. నెల పేరు పలికించాలి.

కాల్ మొదట్లో అడిగేవి ఎక్కడైనా దాదాపు ఇవే: పూర్తి పేరు, పుట్టినతేదీ, ప్రస్తుతం ఉన్న చోటు, కాల్ తెగితే తిరిగి చేసే నంబరు, గదిలో ఇంకెవరున్నారు. చోటు లాంఛనానికి అడగరు. పేషెంటు పడిపోతే అంబులెన్స్ ఎక్కడికి పంపాలో తెలియాలి, డాక్టరు లైసెన్సు కూడా పేషెంటు ఉన్న రాష్ట్రాన్ని బట్టే చెల్లుతుంది. పేరు దగ్గర స్పానిష్‌వాళ్ళకి రెండు ఇంటిపేర్లు ఉంటాయి. గార్సియా లోపెస్‌ని ఒకరు లోపెస్ కింద, మరొకరు గార్సియా కింద ఎక్కిస్తే ఒకే మనిషికి రెండు రికార్డులవుతాయి. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి ఇది కొత్త కాదు. పాస్‌పోర్టులోనో బీమా కార్డులోనో ఉన్నట్టే వెతకడం ఒక్కటే మార్గం.

లైన్ బాగాలేనప్పుడు ‘యు ఆర్ బ్రేకింగ్ అప్’ అనాలి. స్పానిష్‌లో ‘సె కోర్త’ అంటారు, కట్ అవుతోందని. మనం ‘వాయిస్ కట్ అవుతోంది’ అన్నట్టే. దాన్ని ఇంగ్లీషులోకి ‘ఇట్ ఈజ్ కటింగ్’ అని దించితే, లక్షణాలు రాసుకుంటున్న నర్సుకి అది కోసినట్టుండే నొప్పిలా వినిపిస్తుంది.

కొన్నిచోట్ల మన భాషా వాళ్ళ భాషా ఒకే తప్పుకి దారితీస్తాయి. ప్యూర్టోరికోలో ఫతీగ అంటే ఊపిరాడకపోవడం, ఉబ్బసం. దాన్ని ‘టయర్డ్’ అని రాస్తే, ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్‌లో వెనక వరసకి పోతుంది. మన ఆయాసమూ అంతే. ‘మా అమ్మకి ఆయాసంగా ఉంది’ అన్నదాన్ని అలసటగా దించితే అసలు ప్రమాదం దాగిపోతుంది. ‘షార్ట్ ఆఫ్ బ్రెత్’ అనే మాట వచ్చి తీరాలి. వాళ్ళు అసూకర్, ప్రెసియోన్ అంటారు, మనం షుగర్, బీపీ అంటాం. ఇంగ్లీషులో ‘ఐ హ్యావ్ బీపీ’ అంటే అర్థం లేదు, అందరికీ బీపీ ఉంటుంది. ‘హై’ చేర్చాలి.

ఇంట్లో చదువుకున్న పిల్లాడి చేత అనువాదం చేయించడం రెండు సమాజాల్లోనూ అలవాటే. అమెరికా ఆరోగ్య చట్టం అఫర్డబుల్ కేర్ యాక్ట్ 1557వ సెక్షన్ కింద ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి. ప్రాణాపాయంలో వేరే దారి లేకపోతే తప్ప మైనర్ పిల్లల మీద ఆధారపడకూడదు. ఫోన్ మీద తెలుగు ఇంటర్‌ప్రెటర్లూ దొరుకుతారు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి. 2024 నాటి నియమాల ప్రకారం, కీలకమైన పత్రాలకి యంత్రానువాదం వాడితే దాన్ని అర్హత ఉన్న అనువాదకుడు సరిచూడాలి. పోర్టల్ పరీక్షించే మనవాళ్ళు స్పానిష్ తెర తెరుచుకుందని టిక్ పెట్టేసి వదిలెయ్యకూడదు. ‘రీఫిల్’ అన్న చిన్న బటన్ ‘సొలిసితార్ రెసుర్తీదో’ అయ్యేసరికి సగంలో తెగిపోతుంది.

కాల్ చివర్లో ‘డు యు అండర్‌స్టాండ్’ అని అడిగితే మర్యాదకి ‘యెస్’ వస్తుంది, మన పెద్దవాళ్ళు తల ఊపినట్టు. ‘రేపు పొద్దున ఎన్ని మాత్రలు, ఎన్ని గంటలకి వేసుకుంటారో చెప్పండి’ అని అడగాలి. జవాబులో ‘ఎలెవెన్’ వినిపిస్తే, అది గంటో మాత్రల లెక్కో తేలేదాకా కాల్ ముగించకూడదు.