వదినా, కాస్త తోడుంటే ఇస్తావా

కడప, ఆదివారం.

ఈ రోజు షాపు సెలవు. అయినా అయిదున్నరకే మెలకువ వచ్చింది. వరండాలో కూర్చుని, రేడియో ప్రకటనకని రాసిన కాగితం మీద మాటలు లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చదివితే నలభై ఒక్క సెకన్లు పట్టింది. గబగబా చదివితే ముప్పై ఆరు. అట్లా చదివితే నాకే అర్థం కాలేదు, ఇంక వినేవాళ్లకేం అర్థమవుతుంది? మాకు కావలసింది ముప్పై. రేడియోలో ప్రకటనలకు పది సెకన్ల లెక్కన డబ్బు కట్టాలి. ముప్పై దాటితే మేం పోగు చేసింది చాలదు.

ఆకాశవాణి కడప కేంద్రంలో, లెటర్లు, లెక్కలు చేసుకోవడానికి డబ్బు కట్టకుండా దొరికే లిబ్రేఆఫీస్ సాఫ్ట్‌వేర్ గురించి ఒక చిన్న ప్రకటన వేయించాలని నెల రోజులుగా తిరుగుతున్నాం. మేమంటే ఆరుగురం. పాలిటెక్నిక్‌లో చెప్పే సార్, ఇంజనీరింగ్ చదివే పిల్లోడు, బడి టీచర్లు ఇద్దరు, కరెంటు ఆఫీసులో పనిచేసే అన్న, జెరాక్స్ డీటీపీ షాపు నడిపే నేను. మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వరు. ఇరవై మూడు మంది దగ్గర వందా రెండు వందలు చొప్పున పోగు చేస్తే 4,300 రూపాయలు అయింది.

నాకెందుకింత పట్టుదల అంటే దానికి కారణం ఉంది. షాపు పెట్టిన కొత్తలో రిపేరు చేసే ఒకతను ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా దొంగతనంగా, అంటే క్రాక్ చేసి వేసిచ్చాడు. అందరూ అట్లానే వేయించుకుంటారు, నేనూ వేయించుకున్నాను. పదో తరగతి పిల్లలు అప్లికేషన్లకు వరుస కట్టిన ఒక రోజు సిస్టమ్ తెరిస్తే వైరస్ పట్టి ఫైళ్లన్నీ తాళం పడి ఉన్నాయి. ఏది నొక్కినా డబ్బు కట్టమని ఒకటే మెసేజి. నాలుగేళ్ల పెళ్లి పత్రికల మ్యాటర్లు, పిల్లల ప్రాజెక్టులు, ఒక పెద్దాయన రాసుకుంటున్న వాళ్ల ఊరి చరిత్ర, అన్నీ పోయాయి. ఆ పెద్దాయనకు చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆయన ఏమీ అనలేదు. చేతిరాత కాగితాలు ఉన్నాయిలేమ్మా, మళ్లీ కొడుదువులే అన్నాడు. ఆ రెండోసారి కొట్టింది లిబ్రేఆఫీస్‌లో. సార్ వచ్చి దగ్గరుండి వేసిచ్చాడు. అప్పటినుంచీ షాపులో అదే.

రేడియోనే ఎందుకని టీచరమ్మ అడిగింది. ఫోన్లో వీడియో పెడితే సరిపోదా అని. నాకు మా జేజినాయన రేడియో గుర్తొస్తుంది. 900 కిలోహెర్ట్జ్, మీడియం వేవ్, తోలు సంచిలో పెట్టి పొలానికి తీసుకుపోయేవాడు. ఇప్పటికీ మా వీధి చివర టైలర్ కుట్టుమిషను పక్కన రేడియో మోగుతూనే ఉంటుంది. చేతులు పనిలో ఉన్నవాళ్లు రేడియో వింటారు. ఒంటిమిట్ట నుంచి, సిద్ధవటం నుంచి పిల్లల సర్టిఫికెట్ల పనికి నా షాపుకు వచ్చేది ఆ తల్లిదండ్రులే. పిల్లకు కంప్యూటర్ కొనిచ్చాక ఇంకేమేం కొనాలని అడిగేదీ వాళ్లే.

చిక్కంతా మాట దగ్గర. వారం నుంచి కాగితం మీద "ఉచితం" అని రాయడం, కొట్టేయడం. ఉచితం అంటే ఓట్ల ముందు వచ్చే పథకాలు గుర్తొస్తాయి. ఫ్రీ అంటే సబ్బుకు సబ్బు. "ఊరికే ఇస్తారు" అని రాసి అమ్మకు వినిపిస్తే, "ఉత్తపుణ్యానికి ఎవురిస్తారే, ఏందో మెలిక ఉంటాది" అనింది. సార్ "స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్" అని రాయమంటాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని దాని అర్థం. మాట సరైనదే, ఇట్లాంటి సాఫ్ట్‌వేర్ కోసం నడిచే ఉద్యమంలో ఉన్నవాళ్లు వాడేదీ అదే. లిబ్రే అనే మాటకు ఫ్రెంచిలోనూ స్పానిష్‌లోనూ స్వేచ్ఛ గలది అనే అర్థం. అయినా రేడియోలో స్వేచ్ఛ అని వినపడగానే ఆగస్టు పదిహేను ఉపన్యాసం అనుకుని వినేవాళ్లు వేరే పనిలో పడతారు. పైగా పేరే సరిగ్గా వినపడటం లేదు. నిన్న ఆటో ఎక్కి డ్రైవరన్నకు చదివి వినిపిస్తే, "లైబ్రరీ ఆఫీసా? యాడుందక్కా అది?" అన్నాడు. ఆయన తప్పేముంది, మనం చదివింది అట్లా ఉంది.

ఏడు దాటాక పక్కింటి వదిన గోడ దగ్గరికి వచ్చింది. నాలుగు రోజులు ప్రొద్దుటూరులో చెల్లెలింట్లో ఉండి రాత్రే వచ్చినారంట, ఇంట్లో ఉన్న పెరుగు పాడైపోయిందంట. చేతిలో చిన్న స్టీలు గిన్నె. "వదినా, కాస్త తోడుంటే ఇస్తావా?" లోపలికి పోయి కుండలో గరిటె పెట్టి రెండు చెంచాలు తీశాను. పైన మీగడ మడతపడి, కింద గట్టిగా, గరిటె లాగిన చోట పల్లం పడి నీరు ఊరుతోంది. గిన్నె అందిస్తూ, ఇంకొంచెం వేయనా అని అడిగితే, "చాల్లే వదినా, తోడుకే గదా" అంది.

ఆమె పోయాక కూడా నేను గోడ దగ్గరే నిలబడి ఉన్నాను. తోడుకు ఎవరూ డబ్బు అడగరు. ఇచ్చినందుకు మన కుండలో తరిగేదేమీ లేదు. తీసుకున్నవాళ్లు రేపటినుంచి మన దగ్గరికి రానక్కర్లేదు, వాళ్ల పెరుగు వాళ్లే తోడేసుకుంటారు, రేపు ఇంకొకరికి వాళ్లే ఇస్తారు. తోడు ఇస్తే మెలిక ఉంటుందని మా అమ్మ కూడా అనదు. పరుగున వచ్చి పాత కాగితం తిప్పి వెనక రాశాను. మా అవ్వ దీన్ని చేమిరి అనేది. ఆ మాట నాకిష్టం, కానీ ఇప్పటి పిల్లలకు తెలియదు. తోడు అనే ఉంచాను.

పదకొండుకు అందరూ షాపుకు వచ్చారు. షట్టర్ సగం దించి, కారం దోశలు తెప్పించుకుని కూర్చున్నాం. పిల్లోడు తన స్క్రిప్టు తెచ్చాడు. అందులో డబ్బు తీసుకునే కంపెనీని పేరు పెట్టి తిట్టాడు. అది కుదరదు, ఇతరుల సరుకును కించపరిచే ప్రకటనను ఆకాశవాణి నియమావళి ఒప్పుకోదని సార్ చెప్పాడు. నియమం లేకపోయినా నేను ఒప్పుకునేదాన్ని కాదు. వాడికి ఇంకో కోరిక, ఇట్లాంటివే అయిన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, వీఎల్‌సీ వీడియో ప్లేయర్, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ చెప్పేద్దామని. ముప్పై సెకన్లలో నాలుగు పేర్లు చెబితే ఒక్కటీ నిలవదు. వీఎల్‌సీ అయితే చెప్పనే అక్కర్లేదు. 1996లో పారిస్ దగ్గర ఇంజనీరింగ్ పిల్లలు మొదలుపెట్టినదాన్నే ఈ రోజు మన పల్లెల్లో పెళ్లి వీడియోలు చూడటానికి కూడా వాడుతున్నారు, అది ఈ జాతిదేనని తెలియకపోయినా.

కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత వాడే ఒక సంగతి చెప్పాడు. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని ఇష్టపడేవాళ్లు సుమారు పది వేల మంది చందాలు వేసుకుని, డిసెంబరు 16న న్యూయార్క్ టైమ్స్‌లో రెండు నిండు పేజీల ప్రకటన వేయించారంట. చందా ఇచ్చినవాళ్ల పేర్లన్నీ అందులో అచ్చయ్యాయంట. మా ఇరవై మూడు మంది పేర్లు రేడియోలో చదవలేం. అందుకే నోటుబుక్కులో వరుసగా రాసిపెట్టాను.

లిబ్రేఆఫీస్ కథ కూడా ఒక్క వాక్యంలో పెడదామని సార్ ఆశ. 2000లో సన్ మైక్రోసిస్టమ్స్ తమ ఆఫీసు సాఫ్ట్‌వేర్ కోడ్‌ను లోకం ముందు పెట్టడం, 2010లో ఆ కంపెనీని ఒరాకిల్ కొన్నాక, పని ఆగిపోతుందేమోనని అదే ఏడాది సెప్టెంబరు 28న వాలంటీర్లు డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని కొత్త పేరుతో సాగించడం. చెబుతుంటే సార్ గొంతు మారిపోతుంది. బ్రౌన్ దొర ఇదే కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులు పక్కపక్కన పెట్టి తప్పులు దిద్దించాడు గదా, ఇదీ అట్లాంటి పనే అంటాడు. నాకూ ఒళ్లు పులకరించింది. అయినా స్క్రిప్టులో చోటు లేదు. సార్ నొచ్చుకోకుండా తనే కొట్టేశాడు.

నేను రాసింది ఇది:

"వదినా, కాస్త తోడుంటే ఇస్తావా?"
"తీసుకో. ఇస్తే నాకేం తరిగిపోతుంది?"
"పాపకు కంప్యూటర్ కొన్నాం వదినా. లెటర్లు, లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌కు మళ్లీ డబ్బు కట్టాలంట."
"లిబ్రేఆఫీస్ వేసుకో. తెలుగులో కూడా ఉంది. పెన్‌డ్రైవ్ తే, కాపీ చేసిస్తా."
"అట్లా ఇవ్వొచ్చా?"
"ఇవ్వొచ్చు. ఇదీ తోడు లాంటిదే."

చదివాక ఎవరూ కాసేపు మాట్లాడలేదు. మొదట టీచరమ్మ, "ఇది మా అత్తకు కూడా అర్థమవుతుంది" అంది. సార్ ఒకటే సందేహం లేవనెత్తాడు, చాలా సరైనది. చేతులు మారే పెన్‌డ్రైవ్‌లతో వైరస్ రాదా? నాలాగే ఇంకొకరు నష్టపోతే? దానికి పిల్లోడు దారి చూపించాడు. అసలు సైటులో ఫైలుతో పాటు పొడుగాటి అంకెల అక్షరాల వరుస ఒకటి ఇస్తారు. మనం దించుకున్న ఫైలుకు అదే వరుస వస్తే ఎవరూ చెయ్యి పెట్టలేదని లెక్క. షాపు సిస్టమ్‌లో దించిన మూడువందల యాభై ఎంబీ దాకా ఉన్న ఫైలుకు నా ముందే లెక్కకట్టాడు. రెండు వరుసల మీదా ఇద్దరం చెరో వేలు పెట్టి, అక్షరం అక్షరం బిగ్గరగా చదివాం. చివరి దాకా సరిపోయింది. ప్రతి ఆదివారం పొద్దున ఆ ఫైలు పిల్లోడు సరిచూశాకే షాపులో కాపీ చేసివ్వాలని ఒప్పుకున్నాం. వచ్చినవాళ్లకు పెన్‌డ్రైవ్ స్కాన్ చేసే పని కూడా వాడిదే. అందుకే చివర ఒక వాక్యం పెరిగింది: "ఎల్ ఐ బి ఆర్ ఇ, లిబ్రేఆఫీస్. ఆదివారం పొద్దున ఆర్ట్స్ కాలేజీ దగ్గర మా షాపుకు రండి." రేడియో వింటూ సైటు అడ్రసు రాసుకునేవాళ్లు ఉండరు. మనిషి, చోటు, రోజు అయితే గుర్తుంటాయి.

సాయంత్రం పక్కింటి వదినను బతిమాలి షాపుకు తీసుకొచ్చాను. ఆమె అడిగినదే గదా, ఆమె గొంతులోనే ఉండాలి. షట్టర్ పూర్తిగా దించి, ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతుండగా ఫోన్లో రికార్డు చేశాం. మొదటిసారి మొహమాటంతో పుస్తకం చదివినట్టు చదివింది. కాగితం పక్కన పెట్టి, పొద్దున గోడ దగ్గర ఎట్లా అడిగావో అట్లానే అడుగు వదినా అన్నాను. అప్పుడు కుదిరింది. ముప్పై రెండు సెకన్లు. బయట బస్సు హారన్ వచ్చినచోట మళ్లీ చేశాం. "మళ్లీ డబ్బు కట్టాలంట"లో "మళ్లీ" తీసేశాను, "పొద్దున" కూడా తీసేశాను. ముప్పై.

ఇంటికొచ్చి అమ్మకు వినిపిస్తే మెలిక గురించి అడగలేదు. "పాపకు ఏ క్లాసంట?" అని అడిగింది.

రేపు పదిన్నరకు సార్‌తో కలిసి స్టేషన్‌కు పోవాలి. రేటు కార్డు అడగాలి, స్క్రిప్టు చూపించాలి, మార్పులు చెబితే రాసుకు రావాలి. మూడు కాపీలు ప్రింటు తీశాను. మండలి ఫాంటు, పద్దెనిమిది సైజు, మాటల మధ్య కొంచెం ఎడం ఎక్కువ పెట్టి.