రెయిన్‌కోటు కొనేముందు లోపలివైపు తిప్పి చూడండి

విజయవాడ బీసెంట్ రోడ్డులో రెయిన్‌కోటు బేరమాడేవాళ్లు రంగు చూస్తారు, జేబులు లెక్కపెడతారు. చూడాల్సింది లోపలి కుట్లు. సూది దిగిన ప్రతి చోటా ఒక రంధ్రం. దాని మీద వేడితో అతికించిన టేపు లేకపోతే గుడ్డ ఎంత మంచిదైనా కృష్ణ మీది వారధి దాటేలోపే భుజాలు తడుస్తాయి. స్కూటర్ నడిపేవాళ్లకైతే ముందు కారేది ప్యాంటు కుట్టు దగ్గరే, ఒంటి బరువు నీళ్లని లోపలికి నొక్కుతుంది కాబట్టి. గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడికి ఆగుతుందో లేబుల్ మీద మి.మీ.లలో ఉంటుంది: 5000 ఉంటే బండికి పర్వాలేదు, 1500 అంటే చిరుజల్లుకే.

పీవీసీ ప్లాస్టిక్ కోటు చవక, చుక్క దిగదు. కానీ మన ఉక్కపోతలో లోపల చెమటే వానవుతుంది! పీయూ (పాలీయురెథేన్) పూత ఉన్న పాలిస్టర్ తేలిక, మామూలు జాకెట్‌లా కనిపిస్తుంది. చంకల కింద గాలి రంధ్రాలున్నది, జిప్పు మీద పట్టీ ఉన్నది చూసి, ఒక సైజు పెద్దది తీసుకోండి.

పిల్లలకి స్కూలు బ్యాగు మీదుగా పట్టేది కావాలి, పసుపో నారింజో. నలుపు, నేవీ బ్లూ అందమే గానీ వానలో వెనక లారీకి కనబడవు. తల దూర్చి దుప్పటిలా కప్పుకునే పోంచో బండి మీద వద్దే వద్దు, అంచు చక్రంలో పడుతుంది. హెల్మెట్ పెట్టుకుంటే హుడ్డు కాలర్‌లోకి మడిచేయండి, వదిలేస్తే బొక్కెనలా నీళ్లు పడుతుంది.

తడికోటు డిక్కీలో కుక్కితే పూత పొలుసులుగా ఊడిపోతుంది. నీడన ఆరేయండి. ఇస్త్రీ జోలికి పోకండి.