ఆరడుగుల స్లీపరు

“మీకు అన్నేళ్లు ఎందుకు పట్టింది?” అని అడిగారు మా సీనియర్ ఇంజనీరు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో రైలు పట్టాల డిజైన్ ఆఫీసులో చేరి నాకు ఇది నాలుగో ఏడు. టీ వేళ సొంత ఊళ్ల సంగతులు వచ్చాయి. మా గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే మీటర్ గేజి (రెండు పట్టాల మధ్య దూరం మీటరు) లైనును నా చిన్నతనంలో ఇంకా వెడల్పైన బ్రాడ్ గేజిగా మార్చారనీ, పనులు జరిగినన్నాళ్లూ అమ్మమ్మ ఊరికి వినుకొండ బస్సులో నిలబడి వెళ్లేవాళ్లమనీ చెప్పాను. ఆయన నవ్వి, 1892 మే నెలలో ఇక్కడ ఒక్క వారాంతంలో గేజి మార్చేశారని చెప్పి, ఆ ప్రశ్న వేశారు. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. అయినా నాకు గుచ్చుకుంది. మా గుంటూరు లైను మీద నాన్న కీమ్యాన్, రోజూ పట్టాల వెంట నడిచి వదులైన బిగింపులు సరిచేసే మనిషి.

ఆయన చెప్పింది నిజమే. గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు దాని ఇంజనీరు బ్రునెల్ 2,140 మిల్లీమీటర్ల వెడల్పు గేజి ఎంచుకున్నాడు. దేశమంతా 1,435 వైపు వెళ్లాక అది ఒంటరిదైపోయింది. చివరికి మిగిలిన ఎక్సెటర్ ఊరికి పడమటనున్న లైనును శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి, నాలుగు వేల మందికి పైగా కూలీలతో సోమవారం తెల్లవారేసరికి మార్చేశారు. అంతమందిని అన్ని చోట్ల నిలబెట్టి పని చేయించడం మామూలు సంగతి కాదు. దానికి నేను చేతులెత్తి దండం పెడతాను.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. వాళ్లు తగ్గించింది 705 మిల్లీమీటర్లు. మనం 1,000 నుంచి 1,676కి పెంచింది 676. అంకెలు చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి, పని మాత్రం ఎక్కడా పోలిక లేదు. బ్రునెల్ లైనులో పట్టా కింద దాని పొడవునా దూలాలు పరిచి, నడుమ అక్కడక్కడ అడ్డకర్రలు బిగించేవారు. ఆ అడ్డకర్రల్లో చాలావాటిని ముందే కోసి ఉంచి, ఆ రెండు రోజుల్లో ఒక వైపు పట్టాను దూలంతో సహా లోపలికి జరిపారు. వెడల్పు గట్టు మీద ఇరుకు లైను హాయిగా కూర్చుంటుంది.

ఇరుకు గట్టు మీద వెడల్పు లైను కూర్చోదు. పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క దూలం, అంటే స్లీపరు, మీటర్ గేజిలో ఆరడుగులు, బ్రాడ్ గేజిలో తొమ్మిదడుగులు. కాబట్టి పాత స్లీపరు ఒక్కటీ పనికిరాదు. గట్టు వెడల్పు చేయాలి, కొత్త కంకర పోయాలి, బరువైన ఇంజన్లకు తట్టుకునేలా వంతెనలు కట్టాలి, వంపులు సవరించాలి. ఇదంతా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా. నల్లమలలో బొగడ దగ్గర లోయ మీద ఎత్తైన స్తంభాలతో దొరబావి వంతెన ఉండేది. బ్రాడ్ గేజికి ఆ దారే వదిలేసి వేరే దారి వేశారు. పాత స్తంభాలు ఇప్పటికీ అడవిలో నిలబడి ఉన్నాయి. ఇంతకీ ఆ ఇరుకు గేజి మనం కోరుకున్నది కాదు. ఖర్చు తగ్గుతుందని 1870 ప్రాంతంలో వైస్రాయ్ లార్డ్ మేయో ప్రభుత్వం ఎంచుకున్నది. ఆనాటి పొదుపు ఖరీదు 1990లలో మనం చెల్లించాం.

మర్నాడు ఈ రెండు గట్ల బొమ్మలూ పక్కపక్కన గీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, “నేను తప్పు ప్రశ్న వేశాను” అన్నారు. అంత పెద్దాయన అంత తేలిగ్గా ఆ మాట అంటారనుకోలేదు. తరువాత 1892 కూలీల గురించి చెప్పారు. పనిలో వాళ్లకు ఓట్స్ గంజి ఇచ్చేవారట, రాత్రిళ్లు గూడ్స్ షెడ్లలో పడుకునేవారట. “మీవాళ్లు ఏం తాగేవారు?” అని అడిగారు.

నూట ముప్ఫై ఏళ్ల కిందటి కూలీలు ఏం తాగారో వీళ్లకు తెలుసు. ముప్ఫై ఏళ్ల కిందట మా ఇంటి నుంచే పనికి వెళ్లిన మనిషి ఏం తాగాడో నాకు తెలియదు. భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్ర జెండా, పచ్చ జెండా, ఇంతవరకే నాకు గుర్తు.

ఆదివారం నాన్నకు ఫోన్ చేశాను.

“జొన్న అంబలి నాయనా. ఎండాకాలం మజ్జిగ కలుపుకునేవాళ్లం. క్యాను తుమ్మచెట్టుకు తగిలించేవాళ్లం, చీమలు పట్టకుండా” అన్నారు. ఆ తరువాత నేను అడగకుండానే గంటసేపు చెప్పారు. కంకర మోసినవాళ్లలో సగం మంది ఆడవాళ్లేనట. ఒకామె చంటిబిడ్డ ఉయ్యాల కూడా ఆ తుమ్మచెట్టుకే కట్టేదట.

“మన వేపచెట్టు కింద కూర్చునే దూలం ఏమిటనుకున్నావు? వేలంలో కొన్న స్లీపరే అది” అన్నారు.

చిన్నప్పుడు దాని మీద కూర్చునే ఎక్కాలు చదివాను. కొలిచి చెప్పమన్నాను. అయిదడుగుల పది అంగుళాలు. ఒక కొస పుచ్చితే కోశారట. తమ్ముడు పక్కన టేపు పెట్టి ఫోటో తీసి పంపాడు. పట్టాలు నొక్కుకున్న రెండు గుంటలు, మేకుల రంధ్రాలు స్పష్టంగా ఉన్నాయి.

సోమవారం సీనియర్ గారికి చూపించాను. ఆయన ఫోను దగ్గరగా పట్టుకుని, ఆ రెండు గుంటల మధ్య టేపు అంకె చదివారు.

“దాదాపు మీటరు” అన్నారు.